బంతి గంప

పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో మా కాలనీ కుర్రాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఖజాంచీని నేను. రిటైరైన ఏడాది పట్టుకున్నారు, ఇంకా వదల్లేదు. ఏటా సభ పెడతారు, ఏటా ‘ఈసారి ఇంకెవరికైనా ఇవ్వండి నాయనా’ అంటాను, అందరూ నవ్వి మళ్ళీ నా పేరే రాస్తారు. నా మీద నమ్మకం అని పైకి చెబుతారు గానీ అసలు సంగతి నాకు తెలియకపోలేదు. నేను ఎవర్నీ నమ్మనన్నదే వాళ్ళకి నా మీదున్న నమ్మకం. బంతిలో గాలి కొట్టించినా రసీదు తెమ్మంటాను. మైదానం అద్దె కట్టి వచ్చిన కుర్రాణ్ణి, మిగిలిన చిల్లర ఏదిరా అని గుమ్మంలోనే నిలబెడతాను. బేనరు మీద తన కొట్టు పేరు వేయించుకున్న సిమెంటు వ్యాపారి ఇస్తానన్నదాంట్లో సగమే ఇచ్చి మిగతాది ‘అగ్లే మహీనే, అంకుల్’ అంటే, ఆ వచ్చే నెల ఒకటో తారీఖున ఆయన కొట్టు ముందు స్టూలేసుకుని కూర్చున్న మనిషిని. పిల్లలు నా వెనకాల నన్ను దారోగా తాత, అంటే పోలీసు తాత, అంటారని విన్నాను. అననీ.

ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు. ఎక్కడ పట్టుకుందో, ఏ మధ్యాహ్నం పట్టుకుందో కూడా చెప్పగలను. ఈ జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ మధ్యాహ్నం జోలికి మాత్రం వెళ్ళకూడదనుకున్నాను. అది రాస్తే మా అయ్య దొంగ అని రాయాలి. పందొమ్మిదో ఏట నుంచి పోయిన నెల దాకా నేను నమ్మింది అదే, మాయాబందర్‌లో మా క్లబ్బు డబ్బు మా అయ్యే తిన్నాడని. పోయిన మనిషి మీద అలాంటి మాట రాయడానికి చెయ్యి రాలేదు. పోయిన నెల మా మేనత్త నూకాలత్త కంటి ఆపరేషన్‌కని మాయాబందర్ నుంచి వచ్చి, మా ఇంట్లో పదిహేను రోజులుంది. ఆవిడ వచ్చి వెళ్ళాక ఇక రాయక తప్పేట్టు లేదు. ముందు నేను ఇన్నాళ్ళూ నమ్మింది నమ్మినట్టు చెబుతాను. ఆవిడ చెప్పింది తరవాత చెబుతాను.

మాయాబందర్‌లో మా వాడ జెట్టీకి ఎగువన ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన పాతిక ముప్ఫై కుటుంబాలు, చెక్క గోడలు, రేకు కప్పులు, ప్రతి ఇంటి ముందూ ఆరేసిన వల. మా ఇంట్లో ముగ్గురమే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అయ్య, నేను, పెళ్ళైన మూడేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని అన్న పంచకి వచ్చేసిన నూకాలత్త. తెల్లారి అయ్య పడవ దిగి వచ్చేసరికి అత్త పొయ్యి దగ్గర అడ్డపొగ పీలుస్తూ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, గొంతుక్కూర్చుని ఉండేది. అయ్య గుమ్మంలో కాళ్ళు కడుక్కునేవాడు. ముందు ఎడమ కాలు, తరవాత కుడి కాలు, ఏనాడూ తప్పేది కాదు. గంజన్నంలోకి కాల్చిన ఎండుచేప నంజుకుని తిని, మాట్లాడకుండా వల ముందు కూర్చునేవాడు. తడి వల, కిరసనాయిలు, ఎండుచేప, అత్త చుట్ట, ఈ నాలుగు వాసనలూ కలిస్తే మా ఇల్లు. ఇప్పుడు మా కోడలు పెట్టే అగరొత్తుల మధ్య కూర్చున్నప్పుడు కూడా నాకు ఆ వాసన ఎక్కడినుంచో వస్తూనే ఉంటుంది.

మా వాళ్ళకి రెండు కట్టుబాట్లుండేవి, ఎవరూ నేర్పకుండానే అందరికీ వచ్చేవి. చేప పడవలో ఉండగా లెక్కపెట్టకూడదు, లెక్కపెడితే మర్నాడు పడదు. రెండోది, చేప ఇసక మీద పడ్డాక ఆడవాళ్ళది. ఎంతకి అమ్మావు, ఎంత తెచ్చావు, ఎంత ఉంచుకున్నావు అని మగవాడు అడిగితే సిగ్గుచేటు. ఆడది తెచ్చి ఇచ్చింది తీసుకోవాలి. ఆవిడ కొంగున ముడేసుకున్నది ఆవిడది. మా అయ్య చేపల అమ్మకం గురించి అత్తని ఒక్క మాట అడగ్గా నేను వినలేదు.

ఇక క్లబ్బు సంగతి. రిజిస్టరులో దానికి పెద్ద పేరేదో ఉండేది గానీ జనం నోట్లో ‘తెలుగోళ్ళ టీమే’. పేరుకి తెలుగోళ్ళది, ఆడేవాళ్ళలో బెంగాలీలు, కరెన్ తెగవాళ్ళు, రాంచీ నుంచి అడవి పనికి వచ్చినవాళ్ళ కొడుకులు, అందరూ ఉండేవారు. పదిహేనుమంది ఆటగాళ్ళకి ఏడు జతల బూట్లు. ఎవరి పాదానికి ఏవి పడితే అవి, మిగతావాళ్ళు ఒట్టి కాళ్ళతో ఆడడమే. బంతి ఓడలో రావాలి. వచ్చిన బంతి నాలుగు వానలకి నీళ్ళు తాగి గుమ్మడికాయంత బరువయ్యేది, కుట్లు ఊడిపోయేవి, వలలు కుట్టే సూదితో మా అయ్యే కుట్టేవాడు. పోర్ట్ బ్లెయిర్‌లో టోర్నమెంటుకి పోవాలంటే ఎంట్రీ ఫీజు, పదిహేనుమందికి ఓడ టికెట్లు, అక్కడ నాలుగు రోజుల తిండి. మా వాడలో ఎవరి దగ్గరా నెల చివర పది రూపాయలు మిగిలేవి కావు. చందా అడిగితే ‘సేపలు తీసుకో, డబ్బులు నేవు’ అనేవారు.

ఆ మాటలోంచే పుట్టింది బంతి గంప. ప్రతి ఆదివారం వంతు ప్రకారం ఒక పడవ తన వేటలోంచి ఒక గంప చేపలు క్లబ్బు పేరున తీసిపెట్టాలి. కోనాం పడితే కోనాం, సూరలు పడితే సూరలు, ఏరిపెట్టడానికి వీల్లేదు. ఆ గంపని నూకాలత్త నెత్తినెత్తుకుని బజారుకి తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. క్లబ్బు సెక్రటరీ మండల్ బాబు, ఆఫీసులో గుమాస్తా, ఒడ్డున నిలబడి గంప తూకం వేయించి, ఆ రోజు బజారు రేటు కనుక్కుని, రెండూ గుణించి నల్ల అట్ట నోటుబుక్కులో రాసుకునేవాడు. అమ్మొచ్చాక అత్త డబ్బు నా చేతిలో పెడితే, నేను తీసుకెళ్ళి పాలపొడి డబ్బా మూతకి చేసిన చీలికలోంచి లోపల వేసేవాణ్ణి. డబ్బా అమ్మోరి పటం కింద ఉండేది. ఖజాంచీ మా అయ్య. చదువు రాకపోయినా ఆయన్నే పెట్టారు. డబ్బా తెరవడానికి మాత్రం అయ్య ఒప్పుకునేవాడు కాదు. ‘పడవలో సేపనాగే. ఒడ్డుకి సేరీదాకా లెక్కెట్టకూడదు’ అనేవాడు. ఏడాదంతా ఆ డబ్బా లెక్క నోటుబుక్కులోనే ఉంది తప్ప డబ్బాలోది ఎవరూ చూడలేదు.

నాకు అనుమానం మొదలైంది ఆ లెక్కపెట్టనివ్వకపోవడం దగ్గరే. నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, కూడికలు వచ్చు, చదువు రాని తండ్రిని చూస్తే లోపల కొంచెం చులకన కూడా. ఒకరోజు ఆరేసిన ఆయన చొక్కా జేబులో మనియార్డరు రసీదు కనిపించింది. నలభై రూపాయలు, మా పెదనాన్న పేరున, దేశానికి, అంటే శ్రీకాకుళం వైపు మా సొంతూరికి. మా ఇంట్లో నలభై రూపాయలు ఒక్కసారి నేను చూడలేదు. ఎక్కణ్ణించి వచ్చింది? అడగలేదు. అడిగేవాణ్ణయితే ఇంత కథ ఉండేది కాదు. రసీదు జేబులోనే పెట్టేసి, ఆ రోజు నుంచి అయ్యని గమనించడం మొదలుపెట్టాను. అమ్మోరికి దణ్ణం పెడుతుంటే ఆయన చేతులు చూసేవాణ్ణి. నేను మైదానం నుంచి రాకముందు, అత్త బజారు నుంచి రాకముందు ఇంట్లో ఒంటరిగా ఎంతసేపున్నాడో లెక్కేసేవాణ్ణి. దొంగని పట్టుకోవాలన్న తాపత్రయంలో ఒకరకమైన సంతోషం ఉంటుంది. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, నాకది ఉండేది.

నాకూ ఒక గుట్టు ఉంది మరి. జెట్టీలో కలప ఓడలు ఆగితే దుంగలు నెట్టే కూలికి పిలిచేవారు. దుంగ జారి ఒకతని కాలు నుజ్జయ్యాక, అయ్య ఆ పనికి పోవద్దని నాచేత అమ్మోరి మీద ఒట్టు వేయించాడు. నేను ప్రాక్టీసుకని చెప్పి పోతూనే ఉన్నాను. అలా కూడబెట్టి, ఓడ ఖలాసీ ఒకడి చేత పోర్ట్ బ్లెయిర్ నుంచి నా పాదం కొలతకి సరిపడే బూట్లు తెప్పించుకున్నాను. నావి, నా ఒక్కడివి. అటక మీద వల కింద దాచాను. నాలుగు రోజులు కాలేదు, అయ్య వల తీయబోయి చూశాడు.

“ఏట్రా ఇవి? ఎక్కడివి?”

ఒట్టు గుర్తొచ్చింది. నోటికొచ్చింది అనేశాను.

“క్లబ్బు ఇచ్చింది.”

క్లబ్బు ఖజాంచీతో అన్నాను ఆ మాట! ఆయన బూట్లు తిప్పి చూశాడు, వాసన చూశాడు, మళ్ళీ అక్కడే పెట్టాడు. బతికిపోయాననుకున్నాను.

టోర్నమెంటు దగ్గరపడింది. మంగళవారం సభ పెట్టి డబ్బా విప్పుదామన్నారు. అంతకు ముందు ఆదివారం మధ్యాహ్నం, అత్త ఆఖరి గంప అమ్మి డబ్బు ఇచ్చేసి నీళ్ళకి వెళ్ళింది. అయ్య తలుపు దగ్గరగా వేశాడు. తన కట్టుబాటు తనే తప్పుతున్నట్టు కొంచెం గొంతు తగ్గించి, “ఒకపాలి సూసుకుందారి రా” అని చాప మీద డబ్బా గుమ్మరించాడు. మండల్ బాబు నోటుబుక్కు లెక్క మా ఇద్దరికీ కంఠతా వచ్చు, ఎనిమిది వందల అరవై నాలుగు రూపాయలు. వాడంతటికీ ఆ అంకె తెలుసు, పిల్లలు పాటలా పాడుకునేవారు. నోట్లు వేరుచేసి, చిల్లర రూపాయి రూపాయి కట్టలు పేర్చి లెక్కపెట్టాను. ఏడు వందల యాభై ఏడు. మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి అయ్య వేలితో ఒక్కొక్క కట్టా తనవైపు జరుపుకుంటుంటే నేను పైకి లెక్కపెట్టాను. అంతే. నూట ఏడు రూపాయలు తక్కువ.

అయ్య నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను, దొంగతనం చేసిన తండ్రిని చూడలేక. ఆయన డబ్బంతా మళ్ళీ డబ్బాలో పోశాడు.

“ఎవులితోనీ అనకు” అన్నాడు.

“అనన్లే” అన్నాను.

“నాను సూసుకుంటాను.”

ఆ రెండు మాటలతో నా అనుమానం రూఢి అయిపోయింది. తినకపోతే ఎవరితోనూ అనొద్దని ఎందుకంటాడు? తినకపోతే తను చూసుకోవడమేమిటి? మర్నాడు పొద్దున్న ఇంటి ముందు ఆరేసిన కొత్త నైలాను వల లేదు. ఏడాది కిందటే అప్పుచేసి కొన్నది, దాన్ని నీళ్ళ మీద తేల్చే బెండ్లన్నీ తనే చెక్కి కట్టుకున్నది. వల ఏదని నేను అడగలేదు. అత్త అడిగింది గానీ, అయ్య ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. అత్త లోపలికొచ్చి నన్నోసారి చూసి, నా కంచంలో అన్నం పెట్టింది.

మంగళవారం సభలో మండల్ బాబు అందరి ముందూ డబ్బా విప్పి లెక్కపెట్టాడు. ఎనిమిది వందల అరవై నాలుగు. రూపాయి తేడా లేదు. “హిసాబ్ బరాబర్! సరిపోయింది, ఎర్రయ్య భయ్యా!” అని అయ్య భుజం తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా వాడలో చప్పట్లు కొట్టని మనిషిని నేనొక్కణ్ణే. పట్టుబడతాడని తెలిశాక వల అమ్మి పూడ్చాడు, లేకపోతే పూడ్చేవాడా, అనుకుంటూ గోడకానుకుని నిలబడ్డాను. అయ్య ఆ చప్పట్ల మధ్య నావైపే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం. ఇదే డిగ్నాబాద్‌లో ఎవరి చుట్టాలింట్లోనో వరండాలో పదిహేనుమందిమి సర్దుకున్నాం. రెండో ఆటలోనే ఓడిపోయాం. కానీ నా బూట్లు, నా ఎడమ కాలు ఒక డిపార్టుమెంటు టీము కంట్లో పడ్డాయి. ఆటగాళ్ళకి చిన్న ఉద్యోగాలిచ్చేవారు అప్పట్లో, నాకూ ఇచ్చారు. సామాను తెచ్చుకోవడానికి మాయాబందర్ వెళ్ళి, వారంలో మళ్ళీ ఓడెక్కాను. జెట్టీకి అయ్య వచ్చాడు. వల లేక వేరే వాళ్ళ పడవ మీద కూలి వాటాకి పోతున్నాడు అప్పటికే. ఓడ కూత వేసింది. నేను నిచ్చెన ఎక్కుతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

“సిన్నా, డబ్బులు కావలిస్తే అడుగు. నన్నే అడుగు. ఎంతైనా ఇస్తాను” అన్నాడు.

ఊళ్ళో వాళ్ళ డబ్బు తిన్నవాడు, వల అమ్ముకున్నవాడు నాకు ఇస్తాడట. చెయ్యి విడిపించుకుని పైకెక్కేశాను.

తరవాత అయ్య పన్నెండేళ్ళు బతికాడు. మళ్ళీ సొంత వల కొనలేదు. నేను పండగలకి వెళ్ళేవాణ్ణి, డబ్బు పంపేవాణ్ణి, పంపిన ప్రతిసారీ రసీదు జాగ్రత్తగా దాచుకునేవాణ్ణి, ఆయన అందలేదంటాడేమోనని. ఆయన ఏనాడూ అలా అనలేదు. నేను పెట్టిన డబ్బుని వేళ్ళతో కాకుండా రెండు అరచేతులతో తీసుకునేవాడు. అదీ నటనేననుకున్నాను. ఆఫీసులో స్టోర్సు లెక్కలు నాకు అప్పగించారు. లెక్క తగ్గితే మొదట సొంత మనుషుల్నే చూడాలని నాకంటే బాగా తెలిసినవాడు లేడు, మంచి పేరే తెచ్చుకున్నాను. ఇప్పుడు ఈ క్లబ్బులో పిల్లలకి ఒక్కొక్కడికీ మూడేసి జతల బూట్లు, గేటు దగ్గర అట్ట మీద గళ్ళగళ్ళ బొమ్మ, దానికి ఫోను చూపిస్తే డబ్బు దానంతటదే వచ్చి పడుతుంది. చేపల వాసన లేదు, చిల్లర మోత లేదు. అయినా క్లబ్బు అప్పట్లాగే ఏడాది చివర కటకటలాడుతుంది. ఫోను చూపించినవాళ్ళ పేర్లన్నీ నేను రాత్రీపగలూ సరిచూసుకుంటూనే ఉంటాను.

ఇదీ నేను నమ్మింది. ఇక అత్త సంగతి.

నూకాలత్తకి ఇప్పుడు ఎనభై దాటాయి. బస్సులో, దారిలో ఫెరార్గంజ్ వచ్చేదాకా వాంతులే, దిగుతూనే నన్ను, బస్సుని, రోడ్డు వేసినవాణ్ణి కలిపి తిట్టింది. ఆవిడ మా ఇంటికి ఎప్పుడొచ్చినా ఒకటి చూసేవాణ్ణి. కొంగున డబ్బు ముడేసి, ఆ ముడి బొడ్లో దోపుకుని, పడుకున్నా కూర్చున్నా దాని మీంచి చెయ్యి తీసేది కాదు. పొరుగింట్లో అలా చెయ్యదు, గుళ్ళో చెయ్యదు, మా ఇంట్లోనే. ముసలాళ్ళ చాదస్తం అనుకునేవాణ్ణి.

ఆపరేషన్ అయిన రెండో శనివారం మా క్లబ్బు మేచి. మైదానం దగ్గర బజ్జీల బల్ల పెట్టాం. క్లబ్బు డబ్బుతో పిండీ నూనే నేనే కొనిచ్చాను, వేయించి అమ్మడానికి మా వీధిలో ఉండే సరస్వతి దీదీ ఒప్పుకుంది. ఎన్ని కాగితం ప్లేట్లు ఇచ్చానో ఎన్ని మిగిలాయో లెక్కేస్తే ఎంత రావాలో తేలిపోతుంది. ఆదివారం పొద్దున్న ఆవిడ డబ్బు తెచ్చింది. తగ్గింది. మా వరండాలోనే నిలబెట్టి అడిగాను.

“అంకుల్, వో మేరా మెహనత్ కా హై. నా కష్టానికి తీసుకున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నూనె దగ్గర నిలబడలేదా?” అంది.

“తీసుకొమ్మని ఎవరన్నారు? ముందు చెప్పాలా లేదా? ఇది క్లబ్బు డబ్బు.”

వెనకాల మంచం మీద నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చున్న అత్త అందుకుంది.

“ఆ గుంటని ఏటలాగ పీకుతున్నావు? అమ్మిన మనిసికి రూపాయికి అణా ఉండదేటి? మోసిన మనిసికి ఇంకో అణా ఉండదేటి? బంతి గంపకి నాను తీసుకోనేదేటి? మీ అయ్య ఏనాడైనా అడిగినాడా?”

సరస్వతి దీదీ ఏమందో నాకు వినపడలేదు. డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టి పంపించేశాను. అత్త ముందు చాప మీద కూర్చున్నాను.

“ఏ బంతి గంపకత్తా?”

“ఎన్ని బంతి గంపలున్నాయిరా? మన టీముది. అమ్మినందుకు అణా, మోసినందుకు అణా తీసుకుని మిగతాది నీ సేతిలో ఎట్టీదాన్ని కాదేటి. ఇంటి సేపకైనా, కలబు సేపకైనా అదే కదా లెక్క.”

క్లబ్బు రసీదు పుస్తకం వెనకట్ట మీద పెన్సిలుతో వేశాను. ఎనిమిది వందల అరవై నాలుగుకి రూపాయికి రెండణాల చొప్పున, అంటే ఎనిమిదో వంతు, నూట ఎనిమిది రూపాయలు. ఆ చాప మీద తగ్గింది నూట ఏడు. మళ్ళీ వేశాను. రూపాయే తేడా. ఆ రూపాయి ఏమైందో అడిగితే అత్త విసుక్కుంది. “సిల్లర వదిలీసీదాన్ని. కలబు కదా, కుర్రనాకొడుకులు ఆడుకుంటారని.”

ఎవరూ తినలేదు. దొంగే లేడు. మండల్ బాబు నోటుబుక్కులో ఆడమనిషి కూలికి గడి లేదు. ఆ కూలి గురించి అడగడం మా మగవాళ్ళ కట్టుబాటులో లేదు. అత్త చేసింది తప్పు కాదు, అది ఆవిడ సొమ్ము. అయ్యా నేనూ చాప మీద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాం గానీ, నీళ్ళకి వెళ్ళిన మనిషిని వచ్చాక ఒక్క మాట అడుగుదామని ఇద్దరికీ తోచలేదు.

“మరి అయ్య వల ఎందుకమ్మాడత్తా?” అన్నాను.

“ఇప్పుడెందుకురా ఆ ఊసు? గుంటప్పుడు ఎవులు సెయ్యరు.”

“ఏం చెయ్యరు?”

“నువ్వు బంతి డబ్బులు తీసి బూట్లు కొనుక్కున్నావు కదా. ఎంత తీసినావో మీ అయ్య నాకు సెప్పనేదు, నానడగనేదు. ‘సిన్నాడు దొరికిపోతే ఇంక ఈ ఊర్లో తలెత్తుకోనేడు, వలైతే మళ్ళీ కొనుక్కోవచ్చు’ అన్నాడు. నీకు తెలీనియ్యొద్దని ఒట్టేయించుకున్నాడు.”

“నేను తియ్యలేదత్తా.”

“మరి బూట్లో?”

“జెట్టీలో దుంగలు నెట్టి కొనుక్కున్నాను. అయ్య ఒట్టు తప్పానని క్లబ్బిచ్చిందని అబద్ధమాడాను. అయ్యే తిన్నాడనుకున్నాను నేను. దేశానికి మనియార్డరు చేశాడు కదా...”

“అది తుపానుకి మీ పెదనాన్న ఇల్లు ఎగిరిపోతే పంపినాడు. నా కొంగులో డబ్బే ఇచ్చినాను.”

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆవిడకి నల్లద్దాలున్నాయి కాబట్టి బతికిపోయింది, నాకు ఏ అద్దాలూ లేవు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. నేను దొంగననుకుని ఆయన నన్ను కాపాడాడు. నన్ను కాపాడినందుకే నేనాయన్ని దొంగ అనుకున్నాను. సభలో చప్పట్ల మధ్య ఆయన నావైపు చూసింది, ‘భయపడకు, పూడ్చేశాను’ అని. జెట్టీ మీద ‘నన్నే అడుగు’ అన్నది, మళ్ళీ ఎక్కడా చెయ్యి పెట్టొద్దని. నేను ఇచ్చిన డబ్బుని అరచేతుల్లో తీసుకుంటున్నప్పుడు, నా కొడుకు బాగుపడ్డాడని ఎంత పొంగిపోయాడో. ఒక్కసారి తిట్టి ఉంటే, ఎందుకు తీశావురా అని చెంప మీద కొట్టి ఉంటే, తియ్యలేదని అరిచేవాణ్ణి, అంతటితో పోయేది. ఆయన మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది ఆ పూట. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

అత్త చుట్ట తీసి పక్కన పెట్టింది. “అయితే నా రెండణాలే రా మీ అయ్య వల తినీసింది” అంది. కాదని ఎంత చెప్పినా ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు క్లబ్బు పుస్తకంలో ఖర్చుల కింద కొత్తగా ఒక గడి గీసి ‘అమ్మకం కూలి’ అని రాసి, సరస్వతి దీదీ పేరు, ఆవిడ తీసుకున్న మొత్తం వేశాను. దీదీ దగ్గరికి వెళ్ళి సంతకం కూడా పెట్టించుకున్నాను. ఆ అలవాటు ఇప్పుడు పోయేది కాదు.

అత్త వెళ్ళిపోయే ముందు రోజు కన్ను చూపించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు గదిలోకి పిలిచారు. గుమ్మం దగ్గర ఆగి, బొడ్లోంచి కొంగు లాగి, పళ్ళతో ముడి విప్పింది. ఇన్నేళ్ళూ ఆ ముడి మీద చెయ్యి మా ఇంట్లోనే ఎందుకుండేదో నాకప్పుడు తట్టింది. నోట్ల మడత నా చేతిలో పెట్టింది.

“నీకాడ ఉంచు” అని లోపలికి వెళ్ళింది.

లెక్కపెట్టకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఆవిడ బయటికొచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. ఇచ్చాను. కొత్త కన్ను దగ్గరికి తెచ్చుకుని వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క నోటూ లెక్కపెట్టుకుంది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

“సరిపోయినాయి” అంది.